పెరటి దర్వాజకు తాళం

కోరుట్ల ఊరి చివర ఉన్న వృద్ధాశ్రమంలో పెరటి తలుపుకు తాళం పడి నెల దాటింది. తాళం బయటివైపు. దాని చెవి బజారులో, ఆశ్రమం అధ్యక్షుడు సుధాకర్ రావు ఇంట్లో. ఆశ్రమాన్ని చూసుకునే కమల ఆ తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేది.

తాళానికి కారణం ఉంది. దసరాకు ముందు ఒక సాయంత్రం నలుగురు నక్సలైట్లు తుపాకులతో పెరటి వైపు నుంచి వచ్చి, అన్నం అడిగి, తిని వెళ్లారు. మర్నాడు పోలీసు జీపు వచ్చింది. అన్నం ఎందుకు పెట్టావని కమలను పొద్దుగూకే దాకా నిలబెట్టి అడిగారు. ఆకలి అన్నవాళ్లకు అన్నం పెట్టడం ధర్మమని ఆమె చిన్నప్పటి నుంచి విన్నది. ఎస్సై ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు.

ఆ తరువాతే తాళం.

"చెవన్న నాకియ్యుండ్రి సార్," అని కమల సుధాకర్ రావును అడిగింది.

"నీ దగ్గరుంటే అన్నలొచ్చి అడుగుతరు కమలమ్మా. ఇయ్యకుంటే వాళ్లు కొడ్తరు, ఇస్తే పోలీసులు కొడ్తరు. నా దగ్గర లేదని చెప్తె నీకే మంచిది."

"లోపల అందరు ముసలోళ్లు. ఏమన్నయితే ఎట్ల?"

"ఏమైతది? ముంగట దర్వాజ లేదా?"

ఆయన చెడ్డవాడు కాదు. సొంత మేనత్త రంగనాయకమ్మనే ఇక్కడ ఉంచాడు. అందుకే కమల ఇంకో మాట అనలేకపోయింది. మంచం మీది బాపు రావు మాత్రం ఊరుకోలేదు. ఒకప్పుడు చందుర్తి దిక్కున కోటలాంటి గడి ఆయనది, ఊరంతా ఆయన మాట మీద నడిచింది.

"ఎనకట మా గడి తలుపు నేను మూయమంటెనే మూసేది. ఇప్పుడు నన్నే బర్రె లెక్క కొట్టంల కట్టేసిండ్రు," అన్నాడు.

"బర్రెనన్న మేతకు ఇడుస్తరు పటేలా," అంది పక్క మంచం నర్సవ్వ. అందరూ నవ్వారు. కమల నవ్వలేదు.

కార్తీక పౌర్ణమి వచ్చింది. ఆడవాళ్లంతా పొద్దటి నుంచి ఉపవాసం. దీపాలు పెట్టే తులసికోట పెరట్లో ఉంది. పెరటికి తాళం. వాకిట్లో పెడదామంటే అది రోడ్డు పక్క. సందెవేళ జీపులు తిరిగే రోడ్డు మీద నిలబడడానికి ఎవరికీ ధైర్యం లేదు.

"లోపట్నే ముట్టిద్దం," అంది రంగనాయకమ్మ. "యాడాది వత్తులు ముట్టియ్యకుంటే, నేను దీపం పెట్టని దినాలన్నీ ఎటుపోవాలె?"

రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపడా వత్తులు కట్టగా కట్టి, నేతిలో నానబెట్టి వెలిగిస్తారు. దీపం పెట్టలేకపోయిన రోజుల లోటు దానితో తీరుతుందని నమ్మకం. మంచం దిగలేని రోజుల్లో దీపం పెట్టలేదని దేవుడు లెక్క కడతాడా అని కమలకు అనిపించింది. కానీ ఉపవాసం ఉన్న మనిషితో ఆ మాట ఎట్లా అంటుంది? ముందు గుమ్మం లోపల ఇత్తడి తాంబాళం పెట్టింది. గోడవారన చలికాలానికని ఎవరో ఇచ్చిన బొంతలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. అవి జరుపుదామనుకుంటుండగానే నర్సవ్వ, "బిడ్డా, నన్ను జర కూసోబెట్టు," అని చెయ్యి చాపింది.

ఆడవాళ్లు నలుగురూ నాలుగు కట్టలు ఒకే తాంబాళంలో పెట్టి వెలిగించారు. మంట నడుమెత్తు లేచింది. అందరూ కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. తలుపు సందులోంచి గాలి విసిరింది. తలుపు పరదా అంటుకుంది, దాని వెంట బొంతలు.

కమల బిందెలో ఉన్న నీళ్లు గుమ్మరించింది. చాలలేదు. నీళ్ల తొట్టి వాకిట్లో, మంటకు అవతల. రంగనాయకమ్మ కుడి చెయ్యి కాలింది. ఆమెను వెనక్కి లాగి, అందరినీ పెరటి తలుపు వైపు తోసింది. పొగ కూడా వాళ్ల వెంటే వచ్చింది. తలుపు మీద భుజంతో గుద్దింది. కదలలేదు.

కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. వెనక పసుపు చేనుకు నీళ్లు కడుతున్న సాయిలు గడ్డపారతో పరుగెత్తుకొచ్చి, తాళం చూసి ఆగిపోయాడు.

"కమలమ్మా, గిది పలగ్గొడితె జీపు నా ఇంటికే వస్తది. మొన్న మా తమ్ముని కొడుకును తీస్కపోయిండ్రు. వాడింక రాలె."

"నేను పలగ్గొట్టిన్నంట. నీ పేరు చెప్ప సాయిలూ! పటేలు దమ్ము ఆడుతలేదు!"

సాయిలు ఒకసారి రోడ్డు వైపు చూశాడు. తరువాత గడ్డపార గొళ్లెంలో దూర్చి పైకి లేపాడు. గొళ్లెం ఊడి, తాళంతో సహా కింద పడింది. అందరూ ఒకరినొకరు పట్టుకుని బయటపడ్డారు. బాపు రావును మంచంతోనే లాగారు. చేనులోని పైపు తెచ్చి మంట ఆర్పేసరికి సగం కప్పు నల్లబడింది.

సుధాకర్ రావు వచ్చాడు. ఆయన వెనకే జీపు. ఎస్సై కప్పు చూడలేదు, నేల మీది తాళం చూశాడు.

"ఎవరు పలగ్గొట్టిండ్రు?"

"నేనే సార్," అంది కమల.

"లోపలున్నదానివి, బయటి తాళం ఎట్ల పలగ్గొట్టినవ్?"

ఎస్సై తల తిప్పి పసుపు చేను వైపు చూశాడు. సాయిలు గడ్డపార పట్టుకుని గట్టు మీద అట్లాగే నిలబడి ఉన్నాడు.

సుధాకర్ రావు మేనత్త చేతి వైపు చూశాడు. ముంజేయి దాకా బొబ్బలు లేచాయి.

"తాళం నాది సార్," అన్నాడు. "నేనే పలగ్గొట్టుమన్న."

"మీరా? మీరిప్పుడే కదా వచ్చింది?"

"అవును, నేనే."

ఎస్సై "మల్లొస్త," అని జీపెక్కాడు.

మర్నాడు సుధాకర్ రావు వడ్రంగి పని చేసే వడ్లాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. తలుపుకు లోపలివైపు మాత్రమే గడియ వేయించాడు. పని అయిందని వడ్లాయన చేతులు దులుపుకున్నాడు.

"ఆగుండ్రి," అంది కమల. నర్సవ్వను నడిపించుకొచ్చి, "తియ్యవ్వా," అంది.

నర్సవ్వ చెయ్యి ఎత్తింది. గడియ అందలేదు. మునివేళ్ల మీద లేచి పట్టుకుంది. అది బిగుసుకుని కదలలేదు.

"ఇనుపది, గట్టిగుంటది," అన్నాడు వడ్లాయన.

"ఆమె చేతికి రాకుంటె అది తాళమే," అంది కమల.

గడియ ఊడదీసి, నర్సవ్వ నడుము ఎత్తున దించి, నూనె పెట్టారు. నర్సవ్వ వణికే చేత్తో లాగింది. వచ్చింది. తలుపు తెరుచుకుని పసుపు చేను కనిపించింది.

"ఎవరన్న బయట నుంచి వచ్చి తియ్యుమంటె?" సుధాకర్ రావు మెల్లగా అడిగాడు.

"తెల్వది సార్," అంది కమల. నిజంగానే ఆమెకు తెలియదు. "రంగనాయకమ్మా, ఇప్పుడు మీరు రాండ్రి. ఎడమ చెయ్యితోటి."