సన్నని కూత

"ఏ శబ్దం? నాకేం వినపడట్లేదే," అన్నాడు మా ఆయన, షూ లేసులు కట్టుకుంటూ.

ఆయనకు వినిపించాలనే వాకిట్లో నా పాత కారు ఇంజను ఆన్ చేసి వచ్చాను. నలుగురి టిఫిన్ డబ్బాలకు మూతలు నొక్కుతూనే కిటికీ రెక్క బార్లా తీశాను. బండి ఆగి ఉన్నప్పుడు సన్నగా వచ్చే కూత, యాక్సిలరేటర్ తొక్కితే దానితో పాటే పైకి లేస్తుంది. "ఇదిగో, ఇప్పుడు వినండి," అన్నాను. ఆయన ఒక్క క్షణం తల పక్కకు వంచి, లేచి బ్యాగు అందుకున్నాడు. "పాత బండన్నాక నానా శబ్దాలూ వస్తాయి. రేడియో పెట్టుకో."

ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేయడం నా ఉద్యోగం. మనుషులను చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, వినపడగానే బటన్ నొక్కమంటాను. వయసు మీద పడేకొద్దీ ముందుగా దూరమయ్యేవి సన్నని శబ్దాలే. ఆయనకూ నలభై దాటి చాలాకాలమైంది కదా, నిజంగానే వినపడదేమో పాపం అనుకున్నాను. ఆయన్ను వెనకేసుకురావడానికి నాకెప్పుడూ ఏదో ఒక శాస్త్రం దొరుకుతుంది.

ఆయనకు కొత్త కారు వచ్చాక ఇది నాకు వచ్చింది. "నీ తిరుగుళ్ళకి ఇది చాలు," అన్నాడు. నా తిరుగుళ్ళంటే పిల్లదాన్ని బడిలో దింపడం, అత్తయ్యను కళ్ళ డాక్టరుకు చూపించడం, మావయ్యగారి మందులు, కూరలు, చాకలికి వేసిన బట్టలు, వీటన్నిటి మధ్య ఎక్కడో ఇరుక్కుని నా ఉద్యోగం. అయినా ఆ కారంటే నాకు ప్రాణం. డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాక, ఇంటికీ ఆస్పత్రికీ మధ్య ఆ కాసేపూ నన్నెవరూ పిలవరు.

ఈమధ్య ఊరి చివర మా ఆస్పత్రి కొత్త శాఖ తెరిచింది. అక్కడి వినికిడి విభాగానికి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. తెల్లారే వెళ్ళాలి, ఆ వేళప్పుడు అటువైపు బస్సులూ ఆటోలూ తిరగవు. "ఇన్‌చార్జివా? అబ్బో!" అన్నాడు మా ఆయన. తర్వాత భోజనం పూర్తి చేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ డొక్కు బండిని నమ్ముకుని అంత దూరం ఏం వెళ్తావ్?" అన్నాడు. దాంతో నా పోస్టు, నా కారు ఒకటే ముడిలో పడిపోయాయి. కారు నడిస్తే పోస్టు ఉంటుంది, ఆగితే పోతుంది.

కారేమో ఆగేలాగే ఉంది. సిగ్నల్ దగ్గర నిలబడితే హెడ్‌లైట్లు మసకబారేవి, కదిలితే మళ్ళీ వెలిగేవి. మీటర్ల పక్కన బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగి ఆరేది. "బ్యాటరీ పాతదై ఉంటుంది, మార్పించు," అన్నాడాయన. మార్పించాను. కొత్తది వారం తిరక్కుండానే చేతులెత్తేసింది. "ఏసీ వేసుకుని ఊరేగుతావ్, లైట్లు ఆర్పడం మర్చిపోతావ్. బ్యాటరీ మాత్రం ఏం చేస్తుంది?" అప్పటి నుంచి ఏసీ, రేడియో కట్టేసి, ఫోన్ ఛార్జర్ కూడా పీకేసి, చెమటలు కక్కుతూ నడిపాను. నాకంటూ ఏమీ వాడుకోకుండా గడపడం ఇంట్లో అలవాటైన పనే కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఒకరోజు వోల్టు మీటరు కొని తెచ్చి బ్యాటరీకి పెట్టి చూశాను. ఇంజను ఆగి ఉన్నప్పుడు పన్నెండు చూపించింది. స్టార్ట్ చేస్తే పద్నాలుగుకు చేరాలి. ముల్లు కదిలితే ఒట్టు. అంటే తప్పు బ్యాటరీది కాదు. దాన్ని నింపాల్సిన ఆల్టర్నేటర్ నింపడం లేదు, ఆ కూత అందులో అరిగిపోయిన బేరింగుది. వడ్డిస్తూ అదే చెప్పాను. మా ఆయన పప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "రోజంతా చెవులు చూసీ చూసీ నీ చెవుల్లో హోరు పట్టుకుందే అమ్మాయ్," అంది అత్తయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకు ఇప్పటికీ మంటగా ఉంది.

షెడ్డుకు వెళ్తే, "సార్‌తో ఒక్క మాట చెప్పించండి మేడం, వెంటనే విప్పేస్తా," అన్నాడు మెకానిక్. కాగితాలు ఆయన పేరు మీదున్నాయి, పైగా మా ఇంట్లో బండి సంగతులు మగవాళ్ళే తేల్చడం రివాజు. "చెప్తాలే," అన్నాడు మా ఆయన. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అంటూనే కొత్త పోస్టులో చేరే రోజు నెత్తిమీదికి వచ్చేసింది.

ముందు రోజు ఆదివారం. మావయ్యగారు స్పానర్ పట్టుకుని బండి దగ్గరికి బయల్దేరారు. "ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకితే తేలిపోతుంది. బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టే. మా రోజుల్లో అలాగే చూసేవాళ్ళం."

నేను పిండి చేతులతోనే పరిగెత్తాను. "వద్దు మావయ్యగారూ, ఇది డైనమో కాదు. అలా పీకితే లోపల రెగ్యులేటర్ కాలిపోతుంది."

"నువ్వు పుట్టకముందు నుంచి బండ్లు చూస్తున్నానమ్మా."

మా ఆయన వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు, మావయ్యగారు ఆగేవారు. మా ఆయన ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. మావయ్యగారు వైరు పీకారు. ఇంజను ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది, కాలిన వాసన గుప్పుమంది.

"దీని ఆయుష్షు తీరింది," అన్నారు మావయ్యగారు, చేతులు తుడుచుకుంటూ. "అమ్మేద్దాం. ఆస్పత్రికి ఫోన్ చేసి కుదరదని చెప్పేయ్," అన్నాడు మా ఆయన, చాలా మెత్తగా.

మధ్యాహ్నానికల్లా కొనేవాడు సంచీతో సహా దిగాడు. అతనే బండ్ల ఎలక్ట్రీషియనట. అందరికీ టీ ఇచ్చి నేను గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన కాగితాలు వెతకడానికి లోపలికి వెళ్ళాడు. అతను బెల్టు వదులు చేసి, ఆల్టర్నేటర్ని బయటికి తీసి, మెట్ల మీద పెట్టుకుని విప్పాడు. పాత బేరింగును వేలితో తిప్పితే గరగరమంది. సంచీలోంచి కొత్తది తీసి బిగించాడు, కాలిన రెగ్యులేటర్ మార్చాడు, అన్నీ ఎక్కడివక్కడ పెట్టి బెల్టు లాగి కట్టాడు. వేరే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు. మీటరు ముల్లు పద్నాలుగు దాటింది. కూత లేదు. నెల్లాళ్ళుగా నేను కాళ్ళావేళ్ళా పడి అడిగిన పని, పిల్లదాని జడ వేసినంత తేలిగ్గా నా కళ్ళముందే అయిపోయింది. చేరాల్సింది రేపు, బండేమో నాది కాదు.

"విప్పి చూడకముందే సరైన బేరింగ్ ఎలా తెచ్చావు బాబూ?" అని అడిగాను.

"సార్ వారం కిందటే బేరం మాట్లాడినప్పుడు చెప్పారు కదా మేడం. ఆగి ఉంటే సన్నగా కూత, తొక్కితే పైకి లేస్తోంది, బేరింగే పోయింది, అది మార్చుకుంటే బండి బంగారం అన్నారు. రెగ్యులేటర్ సంగతి ఇందాక ఫోన్లో చెప్పారు." అతను మెచ్చుకోలుగా నవ్వాడు. "అంత సన్నది ఎవరికి వినపడుతుంది చెప్పండి? సార్‌వి పాము చెవులు."

ఆ మాటలన్నీ నావే. పప్పు గిన్నె దగ్గర నేను చెప్పినవి, చెప్పిన వరసలోనే.

కారు చప్పుడు లేకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. నాకు అరవాలనిపించింది. రేపు తెల్లారే అంత దూరం ఎలా వెళ్ళాలో తెలియదు. నడిచి వెళ్ళే దూరం కాదు, తీసుకెళ్ళే మనిషి లేడు.

"ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పేశావా?" లోపలి గదిలోంచి మా ఆయన అడిగాడు. కాసేపాగి మళ్ళీ అడిగాడు, ఈసారి కాస్త గట్టిగా.

ఖాళీ టీ గ్లాసులు మెట్ల మీదే వదిలేసి, ఫోను కొంగులో చుట్టి, వాకిట్లో కారు నిలబడే చోట కూర్చున్నాను.

"ఏంటి? నాకేం వినపడట్లేదే," అన్నాను.