మాస్టారి నీడ ఆడే ఆట

పొద్దున్న మొదటి గంట కొట్టగానే మాస్టారు ఒక చేతిలో సుద్దముక్క, చంకలో ఫుట్‌బాల్ పెట్టుకుని మైదానానికి బయల్దేరేవారు. డిగ్రీ పిల్లలకి సూక్ష్మ అర్థశాస్త్రం క్లాసు అక్కడే. గదిలో చెబితే కూర్చుని నిద్రపోయేవాళ్లు. ఇక్కడ కనీసం నిలబడి నిద్రపోయేవాళ్లు. ఆ పేపరు తప్పిన ఘనుల్లో ఈ కథ చెప్పేవాడూ ఒకడు గనక, సిద్ధాంతాల్లో తేడా వస్తే మన్నించాలి.

"మొదటి గోల్‌కి గంతులేశారు. ఐదోదానికి ఉత్త చప్పట్లు. తొమ్మిదోదానికి ఆవలింతలు. దీన్నే క్షీణోపాంత ప్రయోజనం అంటారు," అనేవారాయన.

"ఆవలింతకి ఇంత పెద్ద పేరా సార్!" అనేది గోడ. గోల్ ముందు నిలబడితే బంతి దాటదని ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టారు.

అవకాశ వ్యయం చెప్పడానికి మాత్రం ఆయన ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. ఆ కాలేజీలో ఎవరైనా రెండింట్లో ఒకటి ఎంచుకుంటే, వాళ్ల నీడ వెళ్లి రెండోది చేసేది. కాఫీ తాగేవాడి నీడ పక్క బల్ల దగ్గర టీ తాగేది. గోడ కుడికి దూకితే నీడ ఎడమకి దూకేది.

"అదుగో, నువ్వు వదులుకున్నది. నీ ఖర్చు అదే," అని చూపించేవారు మాస్టారు.

చిన్నవాటికి వెళ్లిన నీడ కాసేపట్లో తిరిగొచ్చేది. పెద్దవాటికి వెళ్లింది వచ్చేది కాదు. మాస్టారిది రాలేదు. ఆయన బంతి వదిలి సుద్దముక్క పట్టిన రోజు వెళ్లి, ఇంకా మైదానంలోనే ఆడుతోంది, అప్పటి సన్నటి నడుముతో. ఆయన బొజ్జవైపు మాత్రం చూడదు. మర్యాద తెలిసిన నీడ.

ఆ ఏడు పరీక్షలప్పుడు చిక్కొచ్చిపడింది. మాస్టారి పేపరూ, కాలేజీ మైదానంలో పెద్ద జట్టుకి ఎంపికా ఒకే పూట పడ్డాయి.

"బంతి పట్టుకుంటే కడుపు నిండుతుందా తల్లీ? పరీక్ష రాయి," అన్నాడు గోడ వాళ్ల నాన్న, పెదాల మధ్య గుండుసూదులతోనే. ఆయన దర్జీ, రెండుసార్లు కొలిస్తే గానీ దేన్నీ కత్తిరించడు.

గోడ మాస్టారి దగ్గరికొచ్చింది. "రెండూ దక్కవా సార్?"

"దక్కితే ఇంక నాకు ఉద్యోగమేముంటుందమ్మా?"

"పోనీ, మీరైతే ఏం చేస్తారు?"

మాస్టారు తన కాళ్ల దగ్గర ఎండని చూసుకున్నారు.

గోడ నాన్న మాటే విని పరీక్షకొచ్చింది. ప్రశ్నపత్రం అందుకోగానే ఆమె నీడ లేచి, మెత్తగా తలుపు దాటి వెళ్లిపోయింది. ఆమె కిటికీలోంచి చూసింది. మైదానంలో మాస్టారి నీడ బంతి తంతోంది, ఆమె నీడ దూకుతోంది. తప్పువైపుకే.

"అయ్యో, అటు కాదు! ఎడమకి దూకాలి!" అని అరిచేసింది.

హాల్లో తలలన్నీ లేచాయి. కాపలా కాస్తున్న మాస్టారు దగ్గరికొచ్చి, "అది నీ మాట వినదమ్మా," అన్నారు మెల్లగా. "నాది కూడా వినలేదు."

గోడ పెన్ను కింద పెట్టి పరుగెత్తింది. గుమ్మంలో నీడ ఎదురొచ్చి, ఆమెకి దారిచ్చి, లోపలికొచ్చి కూర్చుంది. గంట కొట్టేదాకా రాస్తూనే ఉంది. కాగితం మీద సిరా పడితే ఒట్టు. మాస్టారు నిజాయితీగా సున్నా వేశారు.

పెద్ద జట్టుకి కొత్త గోల్‌కీపరొచ్చింది. ఇచ్చిన చొక్కా వదులైతే నాన్నే సరిచేశాడు, రెండుసార్లు కొలిచి.

ఆమె జట్టుతో ఊరు వదిలి వెళ్లిన సాయంత్రం మాస్టారు చెప్పులు విప్పి మైదానం గీత దాటారు. ఆయన నీడ బంతిని ఆయన కాళ్ల దగ్గరికి దొర్లించి, చేతులు దులుపుకుని, క్లాసుగదిలోకి వెళ్లి నల్లబల్ల తుడవడం మొదలుపెట్టింది. చుట్టూ పిల్లలు చూస్తుండగా మాస్టారు తన్నారు. బంతి గోల్‌కి చాలా దూరంగా పోయింది.

ఒక్కరూ ఆవలించలేదు.