పడవవాడి కాళ్ళకింద ఇసుక

పొద్దుటి పనులు తెమిలాక కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంటాను. పక్క మేడ నీడ పడేదాకానే అక్కడ వెలుతురు. ఆలోపే రంగులు వేసుకోవాలి. బొటనవేలంత బొమ్మని మందుసీసా మూత మీద అంటించి, ఆ మూత పట్టుకుని తిప్పుతూ వేస్తాను. బొమ్మనే పట్టుకుంటే వేళ్ళ చెమటకి రంగు లేచిపోతుంది. ముందు తెల్లపూత, అది ఆరాక ఒంటికీ బట్టలకీ రంగులు, ఆ పైన నీళ్ళలా కలిపిన నల్లరంగు. ఆ నలుపు బట్టల మడతల్లోకి, కళ్ళకిందికి దిగగానే అప్పటిదాకా ప్లాస్టిక్ ముక్కలా ఉన్నది అలసిపోయిన మనిషిలా కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు కొంచెం ఊరటగా ఉంటుంది. ఎందుకో చెప్పలేను.

ఈ పని నాకు నేర్పింది అరుణశ్రీ. మా మేడ మీద గదిలో అద్దెకున్న బొబ్బిలి అమ్మాయి, ఆమదాలవలసలోనే బ్యాంకులో ఉద్యోగం. ఆదివారాలు తనతో పనిచేసేవాళ్ళు వస్తారు. బల్ల మీద కొండలూ ఏరూ అమర్చి, ఈ బొమ్మల్ని నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం ఆడతారు. ఎవరు ఎందుకు చస్తారో నాకు ఇప్పటికీ తెలీదు. రంగులు మాత్రం నావి. కళింగపట్నం పక్క పేటలో మా నాన్న తెప్పకి ఏటేటా రంగు వేసిన చెయ్యి ఇది.

వాళ్ళ ఆటకో కట్టుబాటుంది. రంగు పూర్తయిన బొమ్మ కాళ్ళకింద గుండ్రటి బిళ్ళ అంటించి, దాని మీద జిగురు రాసి, ఇసకో రాళ్ళో గడ్డిపొట్టో చల్లి నేల తయారుచెయ్యాలి. నేల లేని బొమ్మ బల్ల ఎక్కకూడదు. రంగులు వేసినవాళ్ళ దగ్గరే ఉండిపోవాలి.

అందుకే పడవవాడికి నేను నేల వెయ్యలేదు.

వాడి చేతిలో గెడ, రెండో చేతిలో లాంతరు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. దానికి ఎర్రరంగు వేశాను, లుంగీకి నీలం గళ్ళు గీశాను. మిగతా బొమ్మలు ఒకటి తరవాత ఒకటి మేడెక్కి వెళ్ళిపోయాయి. వీడు వానాకాలం నుంచి కిటికీలోనే ఉన్నాడు.

"మామ్మా, పడవోడు ఇంకా అవ్వలేదేటి?" అనేది అరుణశ్రీ.

"గళ్ళు కుదర్నేదమ్మా."

"ఆ గళ్ళు భూతద్దం పెట్టినా కనపడవు మామ్మా."

"నాకు కనపడతాయి."

మా అబ్బాయి ధనరాజు స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. వాడు భోజనానికి వచ్చినప్పుడు నవ్వేవాడు. "మాయమ్మకి ఈ వయసులో మొగుడు దొరికాడు. గట్టిగా తుమ్మితే ఎగిరిపోతాడు, అదే బాధ."

వాడి తండ్రి ఎల్లాజీ ఆమదాలవలస స్టేషన్లోనే బండెక్కాడు. మా పేట మగవాళ్ళు గుజరాత్ బోట్ల మీద పనికి ఇక్కణ్ణించే వెళ్ళేవారు. తలకి ఎర్ర తువ్వాలుంది. కిటికీలోంచి ఏదో అన్నాడు, కూతలో వినబడలేదు. బోటు మునిగిందన్న మాట వచ్చింది గానీ మనిషి రాలేదు. ఆ తరవాత నేను ప్లాట్‌ఫారం ఎక్కలేదు. ఇల్లు స్టేషన్‌కి దగ్గరే. రైలు కూసినప్పుడల్లా ఎవరో వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది, లేచి తలుపు గడియ చూసుకుని వస్తాను.

ఉగాది వెళ్ళాక అరుణశ్రీకి నంద్యాల బదిలీ అయింది.

"ఆదివారం ఆఖరి ఆట మామ్మా. పడవోడు లేకపోతే నా గుంపు ఏరు దాటదు. నేల వేసి ఇచ్చీవా? నాతో తీసుకుపోతాను, పదిలంగా చూసుకుంటాను."

ఇవ్వనని ఎలా అంటాను? బొమ్మ ఆ పిల్లదే.

మా పేటలో మేమున్న వీధిని సముద్రం తినేసినప్పుడు ఒక డబ్బాడు ఇసక తెచ్చుకున్నాను. ఎక్కడికి పోయినా వాడి కాళ్ళకింద సొంత ఊరుంటుందని ఆ ఇసకే వేశాను. ఒడ్డు ఇసకతో కట్టిన గోడకి ఉప్పు పూస్తుందని మా పేటలో పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలీదా? కడగబుద్ధి కాలేదు. కడిగేస్తే ఇక అది ఏ ఊరి ఇసకైతేనేం అనిపించింది.

ఆదివారం పైనుంచి కేకలు వినపడ్డాయి. పడవవాడు అందర్నీ ఏరు దాటించాడట.

సోమవారం సాయంత్రం అరుణశ్రీ వాణ్ణి పట్టుకుని కిందికి వచ్చింది. సామాన్లు కడుతున్న దుమ్ము ముఖం నిండా ఉంది.

"ఇదేటి మామ్మా, బూజా?"

బిళ్ళంతా తెల్లగా పూసింది. మడమల దగ్గర రంగు పెచ్చులు లేచింది. నాలుక ఆనించి చూశాను. ఉప్పు.

ధనరాజు వంగి చూశాడు. "ఏటమ్మా ఇది? బతుకంతా సేపలకి ఉప్పు కట్టినావు. నీకు తెల్దా?"

"తిట్టకు అన్నా," అంది అరుణశ్రీ. "పోన్లే మామ్మా. రేపు మధ్యాన్నమే నా బండి. ఇప్పుడేటి సేస్తాం? నీ దగ్గరే ఉంచీ."

నేను కోరుకున్నది అదే. వానాకాలం నుంచీ అదే కోరుకున్నాను. కిటికీలో మళ్ళీ పెట్టుకున్నాను. పడుకునేముందు ఇంకోసారి చూస్తే ఆ తెలుపు చీలమండ దాటి లుంగీ అంచుదాకా వచ్చినట్టనిపించింది. నా కంటి మసకేమో. కానీ ఈ ఇసక మీద నిలబెడితే వానలొచ్చేసరికి వాడి గళ్ళు మిగలవు. అది మసక కాదు.

మంగళవారం వెలుతురు పడగానే కూర్చున్నాను. మంచినీళ్ళలో నానబెట్టి, పిన్నీసుతో ఇసక గీకాను. పాదాల రంగూ దానితోపాటే వచ్చేసింది. తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తెల్లపూత వేశాను. నడుం లాగేస్తోంది. పాదాలకి రంగు వేసేసరికి పక్క మేడ నీడ వచ్చేసింది, బయట ఆటోలో పెట్టెలు ఎక్కించేశారు.

"బేగి రా మామ్మా, ఒకసారి కనపడు," అని పిలిచింది అరుణశ్రీ.

రంగు తడిగా ఉంది. పెట్టెలో పెడితే దూదికి అంటుకుపోతుంది. ఆ పిల్ల చేతిలో సంచులు, ధనరాజు చేతిలో హేండిలు. వాణ్ణి అంటించిన మూత పట్టుకుని నేనే ఆటో ఎక్కాను. గాలి తగిలేలా చెయ్యి బయటికి పెట్టి, కుదుపు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగపట్టాను.

"స్టేషన్‌కి వస్తన్నావేటి?" అన్నాడు ధనరాజు వెనక్కి తిరిగి.

"రోడ్డు సూడు."

ప్లాట్‌ఫారం పొడుగు పెరిగింది. జనం మాత్రం అలాగే ఉన్నారు. బండి వచ్చింది. అరుణశ్రీ ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. మూత మీంచి బిళ్ళ ఊడదీసి, వాణ్ణి ఊచల మధ్య నుంచి అందించాను.

"ఇసక వెయ్యనేదు," అన్నాను. "అక్కడ ఏ మట్టి ఉంటే ఆ మట్టే వేసుకో."

"అక్కడంతా నల్లరేగడంట మామ్మా."

"ఎండబెట్టి, జల్లించి వెయ్యి. తడిమీద వెయ్యకు."

"అలాగే. నువ్వు జాగ్రత్త మామ్మా." ఇంకేదో కూడా అంది. కూతలో కలిసిపోయింది.

"ఏటీ?" అని గట్టిగా అరిచాను.

"మళ్ళీ సెప్తాను, ఫోన్లో!" అని అరిచింది. ఈసారి వినపడింది.

బండి వెళ్ళిపోయాక చెయ్యి చూసుకుంటే చూపుడువేలికి గోధుమరంగు అంటి ఉంది. పాదాలు ఆరాయనుకున్నాను.

"పదమ్మా, ఎండ," అన్నాడు ధనరాజు.

రంగు చెదిరింది వాడి ఎడమపాదమో కుడిపాదమో తెలియలేదు. ఇంటిదాకా అదే ఆలోచించుకుంటూ వచ్చాను.