తిట్లకు నోచుకోని తమ్ముడు

చిత్తూరు పరంధామయ్యకు ఒక జబ్బు ఉండేది. తనకు నచ్చింది ఇంకొకరికి నచ్చితే ఓర్చుకోలేడు. చర్చి వీధి మలుపులో ఒక ముసలామె పోసే దోసెలు అమృతమని ఏడాది పాటు ఊరంతా చాటింపు వేశాడు. తీరా ఊరు కదిలొచ్చి ఆమె పెనం ముందు వరస కట్టేసరికి "పిండి పలచనైపోయిందబ్బా" అని మొహం తిప్పుకున్నాడు. పిండి ఎప్పటి పిండే. పలచనైంది ఈయన మనసు. అలాగని చెడ్డవాడేం కాడు. తాలూకా ఆఫీసులో గుమాస్తా, ఒకరి కాగితం తొక్కిపెట్టి ఎరగడు. పాటంటే మాత్రం ప్రాణం పెడతాడు. ప్రాణం పెట్టేవాళ్ళతోనే కదా తంటా అంతా.

ఆయన ప్రాణం పెట్టిన పాట భారతమ్మది. బజారు వీధిలో ఆమెకు తమలపాకుల అంగడి. ముహూర్తాలు వచ్చాయంటే ఆ అంగడికి తడక కట్టేసి ఉండేది. పెళ్ళిలో మగపెళ్ళివారు బంతిలో కూర్చున్నాక, ఆడపెళ్ళివారి తరఫున వాళ్ళ ముందు నిలబడి ఎగతాళి పాటలు పాడటం ఆమె విద్య. ఇంట్లో కట్టి తెచ్చుకున్న పాటలు కావు. ఎదురుగా ఉన్న మనిషిని ఎగాదిగా చూసి అప్పటికప్పుడు కట్టేది. పెళ్ళికొడుకు మేనమామ మీసం, వియ్యపురాలి వడ్డాణం, లడ్డూ తీసుకుని జేబులోకి పోతున్న పెద్దమనిషి చెయ్యి, ఆమె కంట పడితే ఇక అంతే. తిట్టించుకున్నవాడు పొంగిపోయేవాడు. ఆమె నోట పడనివాడు అలిగి పెరుగన్నం ముట్టకుండా లేచేవాడు.

ఈ పాటల కోసమే పరంధామయ్య, ఆయన స్నేహితుడు నూర్ అహ్మద్ కలిసి ఒక పత్రిక నడిపేవారు. దాని పేరు 'ఈదిపాట'. నూర్‌కు గాంధీ రోడ్డులో టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉండేది, అందులో ఒక పాత సైక్లోస్టైల్ మిషను. పరంధామయ్య రాసింది నూర్ స్టెన్సిల్ కాగితం మీద ఇనుప కలంతో గీసి, సిరా రోలరు తిప్పి ప్రతులు తీసేవాడు. నూర్ బావమరిది కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరు భుజాన వేసుకుని, ఇద్దరూ పెళ్ళి పెళ్ళికీ పోయి భారతమ్మ వెనక నిలబడి పాటలు పట్టేవారు. ఆ టేపుల్నీ పత్రికనీ కండక్టరు మునిరామయ్య తన బస్సులో తిరుపతి దాకా పంచేవాడు. అట్ట మీద "అమ్మకానికి కాదు, అర్ధరూపాయి ఇస్తే కాదనం" అని ఉండేది. లోపల పరంధామయ్య సినిమా పాటల మీద నెలనెలా నిప్పులు చెరిగేవాడు. అది చదివి మెచ్చుకున్నవాళ్ళు సాయంత్రం ఎంచక్కా సినిమాకు పోయేవాళ్ళు, అది వేరే సంగతి.

భారతమ్మను ఆయన అక్కా అనేవాడు, ఆమె తమ్ముడూ అనేది. ఆ పిలుపు విన్న రోజు ఆయనకు అన్నం నాలుగు ముద్దలు ఎక్కువ పోయేది.

ఎనభై నాలుగు ఎండాకాలంలో మునిరామయ్య ఒక కబురు మోసుకొచ్చాడు. వేలూరు పెళ్ళిలో భారతమ్మ పాట విన్న మద్రాసు కంపెనీ మేనేజరొకడు ఆమె అంగడికే వచ్చి, క్యాసెట్ వేస్తాం రమ్మన్నాడట.

"సంతోషమైన మాట" అన్నాడు నూర్, సిరా చేతులు తుడుచుకుంటూ.

"ఏం సంతోషం? ఆడికి పోతే ఏమైతాదో నాకు తెలీదా? ఫ్లూటు పెడతారు. వయొలిన్ పెడతారు. తిట్లకు పౌడరు పూసి, బొట్టు పెట్టి, భజన మాదిరి చేసి వదిలిపెడతారు" అన్నాడు పరంధామయ్య.

"పెట్టుకోనీప్పా. గొంతు ఆమెదే కదా."

"గొంతొకటే పాటనా నూరూ? మన టేపులో గరిటె చప్పుడు ఉండాది. 'సాంబారు ఈ పక్క' అనే కేక ఉండాది. అదంతా పాటే."

"ఆ సాంబారు కేకలో సగం పాట వినపడక సస్తాండారు జనం. పట్టినోణ్ని, నాకే అర్థం కాక వెనక్కి తిప్పుకుంటా ఉంటా."

మునిరామయ్య ఎప్పుడూ రెండు పక్కలా తల ఊపే మనిషి. "కంపెనీ ఎందుకు, మనమే ఒగ మంచి టేపు చేస్తే పోలా?" అన్నాడు.

"మనం ఒగ టేపులోంచి ఇంకో టేపుకు ఎక్కించేసరికి దసరా వస్తాది. తడ ఊర్లో ఉండే ఆమె కూతురే ఇంకా వినలేదు మన టేపు. మన పత్రిక చదివేది ఎవరు? మనం, మన సుట్టూ ఉండేవాళ్ళు. మనం రాసి మనమే మెచ్చుకుంటా ఉంటే ఆమెకు ఏమొచ్చె?" అన్నాడు నూర్.

"అందరూ వింటే ఇంక అది మన పాట ఎట్లయితాది?"

ఆ మాట నోరు జారింది. పరంధామయ్యకే వినడానికి బాగాలేదు. నూర్ సిరా గుడ్డ పక్కన పెట్టి, "అదీ సంగతి. నీ బాధ ఫ్లూటుతో కాదప్పా" అన్నాడు మెల్లగా.

పౌరుషం వచ్చిన పరంధామయ్య ఇంటికి పోయి 'అక్కను అంగట్లో పెట్టకండి' అని రెండు పేజీల వ్యాసం రాసి తెచ్చాడు. నూర్ చదివి, "ఆమె పుట్టినప్పటి నుంచి అంగట్లోనే ఉండాది గదప్పా" అన్నాడు. అయినా ఒక్క అక్షరం మార్చకుండా స్టెన్సిల్ మీద గీశాడు. కింద మిగిలిన చోట తన మాటొకటి చేర్చాడు: "ఆమె గొంతు ఆమెది. పత్రిక మనది. దీన్ని దాంతో కలపవద్దు. ఇట్లు, సిరా పూసేవాడు." పరంధామయ్య అది చూసి విసురుగా లేచి ఇంటికి పోయాడు. మరునాడు పొద్దున యథాప్రకారం వచ్చి, ప్రతులు మడత పెట్టడానికి కూర్చున్నాడు. వాళ్ళ స్నేహం అలాంటిది.

పత్రిక భారతమ్మకు చేరింది. ఆమెకు చదువు రాదు, పక్క అంగడి యశోదమ్మ చేత చదివించుకుంది. పరంధామయ్య పోయేసరికి తడిగుడ్డతో తమలపాకులు తుడుస్తూ ఉంది.

"బాగా రాసినావు నాయనా. ఈ ఏడు నన్ను ఎన్ని పెండ్లిండ్లకు పిలిచినారో అది గూడా రాసింటే బాగుండు. నువ్వు నా ఎనకాలే ఉంటివి కదా."

పరంధామయ్యకు తెలియంది కాదు. కల్యాణ మండపాలు వచ్చాయి. బంతి లేవకముందే తరువాతి బంతి వచ్చి వెనక నిలబడుతోంది. మైకులో సినిమా పాటలు హోరెత్తుతుంటే ఎగతాళి పాటకు చోటేది, వినే ఓపికేది? ఆ వేసవిలో ఆమె అంగడి తడక మూసిన రోజులు బహు తక్కువ.

"పెండ్లంటే ఇప్పుడు మైకే. నేను పోతే నా తిట్లు యాడికి పోతాయి తమ్ముడూ? నా కూతురికి తిట్టే నోరు లేదు. ఇంక నేర్సుకునేవాళ్ళు లేరు. ఆ టేపులో పడితే యాడో ఒగ తావ ఎవరో ఒగరు విని పట్టుకుంటారు. నేను పోయి పాడతా. నీకిష్టముంటే తోడు రా."

తోడు వెళ్ళాడు. "వాళ్ళు పాడు చెయ్యకుండా సూసుకోవల్ల కదా" అని నూర్‌తో బింకంగా అన్నాడు. ముగ్గురూ పులిహోర పొట్లాలు కట్టుకుని పొద్దున్నే మద్రాసు బస్సెక్కారు.

ఆ స్టూడియోలో గోడలకు కూడా పరుపులు కుట్టారు. అద్దానికి ఇవతల మేనేజరు, మిషన్లు. అద్దానికి అవతల భారతమ్మ, ఒక డోలక్ అతను, మధ్యలో మైకు. ఎర్ర దీపం వెలిగింది. భారతమ్మ గొంతెత్తింది. ఎత్తిందనే గానీ ఆ గొంతు లేవలేదు. బడిపిల్ల అయ్యవారికి పద్యం అప్పజెప్పినట్టు మీసం పాట మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ పాడించారు. మళ్ళీ అంతే.

"ఎవర్ని సూసి పాడాల?" అని అడిగింది.

"మైకును చూసి పాడండమ్మా" అన్నాడు మేనేజరు.

"దానికి మొగమే లేదే."

నూర్ గబగబా లోపలికి పోయి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "నన్ను తిట్టక్కా" అన్నాడు. భారతమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది. "తమ్ముళ్ళను తిడితే నోరు లేయదు నాయనా. తిట్టడానికి వరస కావల్ల. వియ్యమందిన వాళ్ళయితేనే ఆ మాటకు అందం." డోలక్ అతను గడియారం చూశాడు. తరువాతి పాటవాళ్ళు అప్పటికే వరండాలో వాయిద్యాలు విప్పుతున్నారు. మేనేజరు మంచివాడే, విసుక్కోలేదు. "పరవాలేదమ్మా, ఇంకోసారి చూద్దాం" అన్నాడు. ఆ ఇంకోసారి అనేది ఈ జన్మకు రాదని అక్కడున్న అందరికీ తెలుసు.

నిజానికి పరంధామయ్య గెలిచాడు. పాటకు ఎదుట మనిషి ఉండాలి, బంతి ఉండాలి, కంపెనీ గదిలో అది బతకదని ఇన్నేళ్ళుగా పత్రికలో మొత్తుకుంటున్నది ఆయనే. అక్షరాలా అదే జరిగింది. సంతోషపడాలి మరి. కానీ అద్దంలోంచి చూస్తే, భారతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, వంగి చెప్పుల కోసం వెతుక్కుంటోంది. అది చూడటం ఆయన వల్ల కాలేదు. ఆ గెలుపు మీద ఆయనకే ఏవగింపు పుట్టింది.

పులిహోర పొట్లం పట్టుకుని లోపలికి పోయాడు. మైకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, అరిటాకు విప్పి పరిచాడు.

"ఏమ్మా వదినా, ఆడపెండ్లివాళ్ళ మర్యాద ఇదేనా? నీళ్ళు లేవు, ఉప్పు లేదు, ఇస్తరి ముందర పలకరించే దిక్కు లేదు. మా వాడికి ఇంతకంటే మంచి సంబంధాలు వచ్చినాయి, పోనీలే పాపమని ఒప్పుకుంటిమి."

భారతమ్మ తెల్లబోయింది. "ఏంది తమ్ముడూ ఇది?"

"ఎవరికి తమ్ముడు? నేను మగపెండ్లివాళ్ళ మనిషిని. మీకూ మాకూ ఈ పొద్దే పరిచయం."

ఎంతో మురిసిపోయిన వరసను తన నోటితోనే తెంపుకున్నాడు. తమ్ముడిగా ఇన్ని పెళ్ళిళ్ళలో ఆమె వెనకే నిలబడ్డాడు. ఆమె పాట మొహాన తగిలితే ఎలా ఉంటుందో ఒక్కసారీ ఎరగడు.

భారతమ్మ చెప్పులు వదిలేసింది. నడుము మీద చెయ్యి పెట్టింది. ఆయన్ని నెత్తి నుంచి గోళ్ళ దాకా తీరిగ్గా చూసింది. మేనేజరు చప్పున దీపం వేశాడు.

*పాటను తెచ్చి పరంధామం పెట్టెలో దాసినాడు*
*పెట్టెకు తాళమేసి పైనెక్కి కూసున్నాడు*
*యాడయ్యా పాటంటే ఎలకలు తినెనంటాడు*
*ఎలకలకొచ్చిన పాట ఊరికి రాగూడదంట*
*ఓ వియ్యంకుడా, మా వొయ్యారి వియ్యంకుడా*

డోలక్ అతను నవ్వు ఆపుకోలేక తాళం తప్పి మళ్ళీ అందుకున్నాడు. ఇక ఆమెకు అడ్డేముంది? పత్రిక తిట్టింది, సిరా తిట్టింది. తనే రాసి తనే చదివి తనే మెచ్చుకునే పెద్దమనిషిని కడిగిపెట్టింది. ఆ ఊపులో మేనమామల మీసాలూ వియ్యపురాళ్ళ వడ్డాణాలూ అన్నీ తోసుకొచ్చాయి. పరంధామయ్య నవ్వు బయటికి రాకుండా నోట్లో పులిహోర కుక్కుకున్నాడు, పొలమారి దగ్గాడు. కళ్ళ నీళ్ళు పొలమారడం వల్ల వచ్చాయో, అన్ని మాటల్లో ఒక్కటీ అబద్ధం లేనందుకు వచ్చాయో చెప్పడం కష్టం. మేనేజరు ఆ దగ్గు కూడా ఉంచేశాడు.

తిరుగు బస్సులో తిరుత్తణి దగ్గర దిగినప్పుడు, పరంధామయ్య "అక్కా, టీ తాగుతావా?" అని అడిగాడు. "ఏం వియ్యంకుడా, టీతోనే సరిపెడతావా?" అంది భారతమ్మ. నూర్ నవ్వీ నవ్వీ గుడిమెట్టు మీద కూలబడ్డాడు.

క్యాసెట్ వచ్చింది. చిత్తూరు బస్టాండులో టీ అంగడి నుంచి చెప్పుల అంగడి దాకా పరంధామం తిట్లే. 'ఈదిపాట'లో దాని మీద సమీక్ష రాసింది కూడా పరంధామయ్యే. ఒక్క డోలక్‌కు మాత్రం వంక పెట్టాడు, అలవాటు చొప్పున. భారతమ్మకు మళ్ళీ పిలుపులు వచ్చాయి. నెల్లూరు, సూళ్ళూరుపేట, మద్రాసు అని తిరగడం మొదలుపెట్టింది. ఆమె అంగడిలోనూ యశోదమ్మే కూర్చునేది. పరంధామయ్య పోయినప్పుడల్లా "ఊర్లో లేదన్నా" అనేది.

ఆ మరుసటి వైశాఖంలో ఆఫీసువాళ్ళ పెళ్ళికి తిరుపతి పోతే, అక్కడ భారతమ్మ పాట ఉందన్నారు. మండపం కిక్కిరిసి ఉంది. మైకు ఆపేయించారు. పరంధామయ్య ముందుకు పోదామని చూశాడు గానీ ఎవరూ దారి ఇవ్వలేదు. ఈయన ఎవరని ఇస్తారు? వెనక స్తంభం పక్కన కాళ్ళెత్తి నిలబడ్డాడు. బంతిలో ఎవరో "పరంధామం పాట పాడమ్మా" అన్నారు. ఆమె అందుకుంది. ఆయనకు తెలియని చరణాలు కూడా వచ్చి చేరాయి. పల్లవి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళూ మగవాళ్ళూ గొంతు కలుపుతున్నారు.

పక్కనున్న పాకాల రైతొకడు మోచేత్తో పొడిచాడు. "పరంధామం అంటే ఎవరో తెల్సునా?"

"తెలీదప్పా" అన్నాడు పరంధామయ్య.

"కాళహస్తి తట్టు పాతకాలం జమీందారంట. పాటలన్నీ పెట్టెలో పెట్టి తాళమేసుకుంటే, ఈయమ్మ పోయి తిట్టి తాళం తీయించిందంట."

"తర్వాత ఏమైనాడంట?"

"ఎవరు?"

"ఆ పరంధామం."

రైతు కొంచెం ఆలోచించాడు. "సచ్చిపోయింటాడు లేప్పా, ఎప్పటి మాటో. పాటైతే మిగిలింది కదా."

పరంధామయ్య గుండెలో ఏదో కలుక్కుమంది. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగని నవ్వు. "మంచిదే అయింది" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. మళ్ళీ పల్లవి వచ్చేసరికి, మండపమంతటితో పాటు తనూ గొంతెత్తి పరంధామాన్ని తిట్టాడు.