ఒకే తల్లి, రెండు తొట్లు

"కప్పల్ని పట్టుకున్న చేతులతో కూర ముట్టుకోకు" అంది అత్తయ్య. అప్పటికే సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని వచ్చాను. ఆ చేతులతో గిన్నెలు తోమొచ్చు, బట్టలు ఉతకొచ్చు, ఆవిడ మోకాళ్ళకి నూనె రాయొచ్చు. కూర దగ్గరికొచ్చేసరికి మాత్రం అవి కప్పల చేతులైపోతాయి. మా ఆయనైతే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "మా ఆవిడ కప్పల మంత్రసాని" అని పరిచయం చేసి నవ్విస్తాడు. ఒళ్ళు మండుతున్నా నేనూ నవ్వేదాన్ని.

మంత్రసాని అనడం అబద్ధమేం కాదు. చెరువులో కప్పలు పెట్టిన గుడ్లు తెచ్చి, తోకకప్పలకి కాళ్ళు వచ్చేదాకా ల్యాబులో సాకడం నా ఉద్యోగం. చెరువు పక్కన రంగుల ఫ్యాక్టరీ ఉంది. ఆ చెరువు నీళ్ళే మా కుళాయిల్లోకి వస్తాయి. అవి బాగున్నాయో లేదో, ఈ కప్పపిల్లల్ని లెక్కపెట్టి చెప్పాల్సింది మా ఆఫీసే. కాళ్ళు వంకరపోయినవీ, ఒక్క కాలే మొలిచినవీ కనిపిస్తే లెక్కకి ముందే ఏరి పారేయడం మా దగ్గర ఆనవాయితీ. "పుట్టుకలోపమమ్మా. తల్లిలోనే ఏదో తేడా ఉంటుంది, నీళ్ళకేం సంబంధం? ఏరడం ఆడవాళ్ళకి అలవాటైన పనేగా, నువ్వే చూసుకో" అనేవారు మా పెద్దసారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే ఏరేదాన్ని.

పోయినేడు నాకు గర్భం పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, అత్తయ్య ఫోన్లో ఎవరితోనో అంటోంది: "మావాడికేం లోపం లేదు. దీని ఒంట్లోనే ఏదో తేడా." మా ఆయన విననట్టు వెళ్ళి ఫ్యాను వేసుకున్నాడు. ఆ తర్వాత నా రక్తం తీశారు, నా కడుపు స్కాన్ చేశారు, మా పుట్టింట్లో ఎవరికేం జబ్బులున్నాయో ఆరా తీశారు. ఆయన చిటికెన వేలు కూడా ఎవరూ పరీక్షించలేదు. ఈ ఏడు సారు నోట మళ్ళీ ఆ 'తల్లిలోనే తేడా' విన్నప్పుడు, ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

ఇక ఏరలేదు. ఒకే కప్ప పెట్టిన గుడ్ల ముద్దని రెండుగా పంచి, సగం చెరువు నీళ్ళ తొట్టిలో, సగం శుభ్రమైన బావి నీళ్ళ తొట్టిలో వేశాను. రెంటికీ ఒకే మేత, ఒకే ఎండ. బావి నీళ్ళలోవి గెంతుతూ గట్టెక్కాయి. చెరువు నీళ్ళలోవి చాలామటుకు ఎక్కబోయి మళ్ళీ నీళ్ళలోకే జారిపోయాయి. వాటిని చూసి ఏడ్చాను. అయినా ఒక్కదాన్నీ పారేయలేదు.

చెరువు నీళ్ళ నివేదిక మీద సంతకాలు పెట్టే రోజు రెండు తొట్లూ మోసుకెళ్ళి సారు బల్ల మీద పెట్టాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"చెప్పానుగా అమ్మా, తల్లిలోనే..."

"తల్లి ఒక్కటేనండీ. నీళ్ళే వేరు. వీటిని లెక్కలో వేయకపోతే నేను సంతకం పెట్టను. ఎందుకు పెట్టలేదో పైవాళ్ళకి చెప్తాను."

"ముందు ఇవి బల్ల మీంచి తియ్యి" అన్నారు. తియ్యలేదు.

సాయంత్రం నేను ఆ కప్పల చేతులతోనే కూర తరుగుతుంటే అత్తయ్య గొంతు సవరించుకుంది. "కొత్తగా ఇంకో డాక్టరమ్మ వచ్చిందట. ఒకసారి పరీక్ష చేయిద్దాం." మా ఆయన ఫ్యాను స్విచ్చి వైపు నడిచాడు.

"చేయిద్దాం అత్తయ్యా" అన్నాను, చాకు పక్కన పెట్టి. "ముందు మన కుళాయి నీళ్ళకి. తర్వాత మీ అబ్బాయికి. నా వంతు ఆఖర్న."