నీలంగీత గ్లాసు

...విరుగుతున్నది పాలు కాదేమో, తన లెక్కలోనే ఎక్కడో ఒక మెట్టు తప్పుతోందేమో. నీళ్ళు ఒక వంతు, పాలు ఒక వంతు, టీపొడి చెంచాన్నర, బెల్లం నిమ్మకాయంత. అన్నీ ఒకే గిన్నెలో. అన్నమ్మ అలాగే పెట్టేది, అంతవరకు ఖాయం. వంటింటికి వీపు పెట్టి కూర్చున్నా, గిన్నె ఒక్కటేనని చప్పుడును బట్టి తెలిసేది. మరి పొంగు వచ్చేసరికి పాలు ముక్కలు ముక్కలుగా ఎందుకు విడిపోతున్నాయి?

రేపల్లె బజారులో మూడు గంటల ఎండలో నడుస్తూ బర్నబాస్ మాస్టారు ఆ లెక్కనే మొదటినుంచి మళ్ళీ చేస్తున్నాడు. హైస్కూల్లో ఇరవై మూడేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఎనభై తొమ్మిది ఏప్రిల్. భార్య అన్నమ్మ పోయి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో ఒక్క ఉదయం కూడా ఆ టీ కుదరలేదు. విరిగిన టీని పెరట్లో పారబోసి, చేతులు కడుక్కుని, ఖాళీ కడుపుతో స్కూలుకి వెళుతున్నాడు.

అన్నమ్మది కొల్లూరు దగ్గర లంక. అరటితోటల్లో పనిచేసే తల్లి మంగాయమ్మ క్యానులో పట్టుకెళ్ళే బెల్లం టీ తాగి పెరిగింది. పెళ్ళయిన కొత్తలో అదే పెట్టింది. అతను తాగాడు, బాగుందనలేదు. తర్వాత వెంకటకృష్ణయ్యగారింటికి రాకపోకలు మొదలయ్యాక బాగాలేదనడం నేర్చుకున్నాడు.

వెంకటకృష్ణయ్య అదే స్కూల్లో తెలుగు మాస్టారు. పొలాలున్న కుటుంబం. పదకొండేళ్ళుగా ప్రతి శనివారం వాళ్ళ అరుగు మీద ఇద్దరికీ చదరంగం. ఆట మధ్యలో ఆయన భార్య దుర్గాంబ టీ తెచ్చేది. పాలు వేరు, డికాషన్ వేరు. అల్లం, రెండు యాలక్కాయలు చితక్కొట్టి నీళ్ళలో మరిగించి, పొడివేసి, మూతపెట్టి ఆవిరి బయటికి పోకుండా ఉంచి, చిక్కగా కాగిన పాలలో పలచని గుడ్డతో వడగట్టేది. బర్నబాస్ ఆ పద్ధతినంతా అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి అన్నమ్మకు పాఠంలా చెప్పేవాడు.

"వాళ్ళింట్లో నాకంటూ ఒక గ్లాసుంది తెలుసా? నీలం గీత గాజుది. ఆవిడ దాన్లోనే ఇస్తుంది" అని కూడా చెప్పేవాడు.

ఆ రాకపోకల మూడోయేడో నాలుగోయేడో అన్నమ్మ బెల్లం టీ పెట్టడం మానేసి, వేరే పాలు, వేరే డికాషన్ మొదలుపెట్టింది. తను మాత్రం ఆ తర్వాత టీ తాగినట్టు అతనికి గుర్తులేదు.

కిందటి డిసెంబరులో గుంటూరు పెద్దాసుపత్రి నుంచి తిరిగొస్తూ, తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు కోసం కూర్చున్నప్పుడు అడిగింది. "టీ తాగుతానండీ."

తెచ్చిచ్చాడు. రెండు గుక్కలు తాగి ఆపింది. "ఏవండీ, మీ చేత్తో టీ పెడితే ఎట్టా ఉంటదో."

"నాకెక్కడొచ్చు?"

"రాకపోతే మాత్రం ఏంటి, నేను తాగనా?"

అతను నవ్వాడు. మిగిలిన టీ పట్టాల మీద పోశాడు. పదకొండో రోజున అన్నమ్మ పోయింది. ఆ నవ్వు తన మొహం మీద ఎలా ఉండి ఉంటుందో అప్పటినుంచి ఊహించుకుంటున్నాడు. అద్దంలో చేసి చూసుకున్నాడు కూడా.

అందుకే ఈ శనివారం, నాలుగు నెలల తర్వాత, వెంకటకృష్ణయ్య ఇంటికి బయల్దేరాడు. ఆటకు కాదు. పాలెందుకు విరుగుతున్నాయో దుర్గాంబగారిని అడగడానికి.

"రండి రండి! లెక్కల మాస్టారై ఉండి శనివారాలు లెక్కపెట్టడం మర్చిపోతే ఎలాగండీ?" వెంకటకృష్ణయ్య అరుగు మీదే పావులు సర్దుతూ అన్నాడు. అన్నాక తనమాట తనకే బాగాలేక గొంతు తగ్గించాడు. "కూర్చోండి. తెల్లపావులు మీవా నావా?"

"ఏదైనా ఒకటేనండి."

నాలుగు ఎత్తులయ్యాయి. గడపలోనుంచి ఒక కొత్తమ్మాయి వచ్చింది. నెల కిందట కాపురానికొచ్చిన కోడలట. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు స్టీలు గ్లాసులు. వంగి ఒకటి మామగారికి, ఒకటి బర్నబాస్‌కి ఇచ్చింది. అల్లం వాసన వేసింది. గ్లాసు అంచు అతని వేళ్ళకు చురుక్కుమంది. ఈ ఇంట్లో స్టీలు గ్లాసు ఇంత కాలుతుందని అతనికి తెలియదు.

"అమ్మాయ్!" లోపలినుంచి దుర్గాంబ గొంతు. కోపమేమీ లేదు. "మాస్టారికి దాన్లో ఇచ్చావేంటి? నీలంగీత గ్లాసులో కదూ ఇచ్చేది."

"అలమార్లో కనపళ్ళేదండీ అత్తయ్యా."

"అలమార్లో ఎందుకుంటది? పంపు దగ్గర గోడ మీద బోర్లించి ఉంటది చూడు. మాస్టారే కడిగి పెడతారుగా."

కోడలు అతని చేతిలోంచి స్టీలు గ్లాసు మెల్లిగా తీసుకుంది. తప్పు తనదన్నట్టు నవ్వింది. పెరటి దారిన పంపు దగ్గరికి నడిచింది. అరుగు చివర్నుంచి పంపు కనబడుతుంది. గోడ మీద, బట్టల సబ్బు ముక్క పక్కన, అతను డిసెంబరు మొదటి శనివారం బోర్లించిన గ్లాసు బోర్లించినట్టే ఉంది. ఎత్తితే కింద గుండ్రంగా తెల్లటి మచ్చ. చుట్టూ దుమ్ము. పిల్ల దాని లోపలికి వేలు పెట్టి సాలెగూడు తీసి, కడిగి, టీ అందులోకి వొంపింది. స్టీలు గ్లాసును లోపలికి తీసుకెళ్ళలేదు. అంట్లలో పెట్టింది.

నాలుగు నెలలు. ఎవరూ ముట్టుకోలేదు.

వెంకటకృష్ణయ్య గుర్రాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూస్తున్నాడు, అదెలా నడుస్తుందో ఎవరో మొదటిసారి చెప్పాల్సినట్టు.

టీ వచ్చింది. నీలం గీత. అతను తాగడం మొదలుపెట్టాడు. చాలా బాగుంది. బాగుండటమే భరించలేనిదిగా ఉంది.

చిన్నప్పుడు తన ఊరి టీకొట్లో, ఊరికి ఎడంగా ఉండే తన పల్లెవాళ్ళకు చూరులో వేరే గ్లాసులు దోపి ఉండేవి. ఎవరి గ్లాసు వాళ్ళే తీసుకోవాలి, పైనుంచి పోస్తే తాగాలి, కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. అది తనకు తెలియనిది కాదు. కానీ ఇది అది కాదు. ఇది బోర్డింగు అలవాటు. బాపట్లలో చర్చివాళ్ళ బోర్డింగులో ఆరేళ్ళు చదివాడు. తిన్న పళ్ళెం, తాగిన గ్లాసు ఎవరిది వాళ్ళే కడగాలి. వార్డెను కొడుకైనా సరే. అదే క్రమశిక్షణ. అందుకే పదకొండేళ్ళ కిందట మొదటి శనివారం టీ తాగగానే, ఎవరూ చెప్పకముందే, లేచి పంపు దగ్గరికి వెళ్ళి గ్లాసు కడిగాడు. ఎవరూ వద్దనలేదు. "మాస్టారు ఎంత మర్యాదస్తులో" అంది దుర్గాంబ. తాను పొంగిపోయాడు. తనకు తెలిసింది మర్యాద, వాళ్ళకు తెలిసింది కట్టుబాటు. రెండూ ఒకే పంపు దగ్గర కలిశాయి.

అంతేనా?

ఇక్కడే లెక్క మళ్ళీ తప్పుతోంది. ఎవరూ చెప్పకముందే. ఎందుకంత తొందర? వేరే ఇళ్ళలో, పెళ్ళిళ్ళలో, చర్చి విందుల్లో ఈ బోర్డింగు అలవాటు ఎక్కడికి పోయేది? ఎవరైనా చెబుతారేమోనని, చెబితే వినాల్సి వస్తుందని, ఆ మాటకన్నా ముందే లేచి పరిగెత్తాడు. పదకొండేళ్ళు ప్రతి శనివారం ఆ మాటకన్నా ఒక్క అడుగు ముందు. దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాడు. తాగే గ్లాసుకు 'నా గ్లాసు' అని పేరు పెట్టుకున్నాడు.

అన్నమ్మ ఈ ఇంటికి ఒకేసారి వచ్చింది. ఒక క్రిస్మస్ మర్నాడు. ఆమెకూ ఒక గాజు గ్లాసులో ఇచ్చారు. తాగి, అరుగు మీద తన పక్కనే పెట్టి, కొంగు సర్దుకుని కూర్చుంది. దుర్గాంబ ఆ గ్లాసును చూసింది, తీయలేదు. అతను గబుక్కున లేచాడు. రెండూ తనే ఎత్తుకెళ్ళి కడిగాడు. మరుసటి శనివారానికి గోడ మీద ఒకటే ఉంది. రెండోది ఏమైందని అడగలేదు.

దారిలో కోప్పడ్డాడు. "తాగిన గ్లాసు అక్కడే పెట్టేసి రావడమేంటి అన్నమ్మా? పద్ధతి తెలీని వాళ్ళమనుకోరూ?"

అన్నమ్మ నడుస్తూనే అడిగింది. "మనింట్లో మీరు తాగిన గ్లాసు ఎప్పుడన్నా కడిగారా?"

"ఇల్లు వేరు."

"నేననేదీ అదేగా" అంది.

ఆ మాట అప్పుడు అర్థం కాలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అర్థమైంది. అర్థమైనందుకే వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె పెట్టిన ప్రతి టీకీ వంక పెట్టాడు. అల్లం ఎక్కువైందనీ, పాలు పలచనయ్యాయనీ, దుర్గాంబగారి చేతి టీ వేరనీ. పంపు దగ్గర తను వంచిన నడుము బరువంతా తెచ్చి ఆమె పొయ్యి మీద పెట్టాడు. ఆమె మోసింది.

"ఎలా ఉన్నారండీ మాస్టారూ?" దుర్గాంబ గడపలో నిలబడి అడిగింది. నిజంగానే జాలిపడుతోంది. "చిక్కిపోయారు. వంటా అదీ ఎలా?"

"ఒక మాట అడుగుదామని వచ్చానండి అమ్మగారూ." తనకన్నా పన్నెండేళ్ళు చిన్నది. అమ్మగారూ అనే పిలుపు కూడా నోటినుంచి ఎప్పటిలాగే తనకన్నా ముందే పరిగెత్తింది. "బెల్లం టీ పెడుతుంటే రోజూ పాలు విరిగిపోతున్నాయండి."

దుర్గాంబ నవ్వింది. "టీలో బెల్లమేంటండీ, పొంగలికి వేసినట్టు! మరిగేటప్పుడు వేస్తే విరక్కేం చేస్తాయి? దించాక వెయ్యాలి. కొంచెం చల్లారాక."

"దించాక."

"అంతే. ఇంకేం లేదు."

అంతే. ఇంకేమీ లేదు. ఇరవై ఆరేళ్ళు వీపు తిప్పి కూర్చున్న వంటింట్లో, ఒక్కసారి తల తిప్పి ఉంటే కనబడేది. రేపు ఉదయం టీ విరగదు. ఎర్రగా, అన్నమ్మ పెట్టినట్టే వస్తుంది. దాన్ని పట్టుకుని ఏ గదిలోకి వెళ్ళాలి? ఎవరి చేతికివ్వాలి?

"ఆట కానిద్దామండీ" అన్నాడు వెంకటకృష్ణయ్య మెల్లిగా, తలెత్తకుండానే.

"నేను వెళతానండి."

"అప్పుడేనా?"

బర్నబాస్ లేచాడు. గ్లాసు అడుగున రెండు అల్లం పీచులు, కొంచెం టీ. కాళ్ళు వాటంతటవే పెరటి వైపు తిరిగాయి. రెండడుగులు వేశాయి కూడా. కోడలు పక్కకు తప్పుకుని దారిచ్చింది. దుర్గాంబ గడపలో అలాగే నిలబడి ఉంది. వెంకటకృష్ణయ్య గుర్రాన్ని ఏ గడిలోనూ పెట్టలేదు.

అతను ఆగాడు. ఇందువల్ల ఏదీ తిరిగిరాదని అతనికి తెలుసు. చూడాల్సిన మనిషి చూడదు. వచ్చే శనివారం అనేది కూడా ఇక ఉండదు.

వెనక్కి వచ్చి వంగి, ఆ క్రిస్మస్ మర్నాడు అన్నమ్మ కూర్చున్న చోట, వెంకటకృష్ణయ్య స్టీలు గ్లాసు పక్కన, ఎంగిలి గ్లాసును అలాగే అరుగు మీద పెట్టాడు.