ఆ రెండు శాతం

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతూ వింటోంది. ఏ చదువు చదివినవాళ్లలో నిరుద్యోగులెంతమందో చూపే పట్టికను భర్త ఫోన్లో తెరిచి, డిగ్రీలో ఏం తీసుకోవాలో తేల్చుకోలేక వచ్చిన మేనకోడలికి చదివి వినిపిస్తున్నాడు.

"స్టాటిస్టిక్స్... రెండే రెండు శాతమట! కళ్లు మూసుకుని చేరిపో. మీ అత్తయ్య చదివిందీ అదేగా."

"చదివి ఏం వెలగబెట్టిందనీ?" అత్తగారు అందుకుంది. "కూరగాయల లెక్క చూడ్డానికి పనికొచ్చింది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. జీతం లేని పనుల్లో అదీ ఒకటి.

"మరి ఆ రెండు శాతంలో నువ్వున్నావా అత్తయ్యా?" పిల్ల అడిగింది.

ఆమె చేతులు ఆగిపోయాయి. నిరుద్యోగి అనిపించుకోవడానికి ఉద్యోగం లేకపోతే చాలదు, వెతుక్కుంటూ ఉండాలి. వెతకనివాళ్లు అసలు లెక్కలోకే రారు. క్లాసులో రాసుకున్నప్పుడు అది న్యాయంగానే తోచింది. వెతకడం ఎలా ఆగిపోతుందో మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో "పిల్లలు పుట్టాక చూద్దాంలే" అన్నారు. పుట్టాక, "కాస్త ఎదగనీ." ఎదిగాక, "ఈ వయసులో నీకెవడిస్తాడు?" వద్దని ఒక్కరూ అనలేదు, అందుకే ఎదురు చెప్పడానికీ చోటు దొరకలేదు. మధ్యలో కొన్నాళ్లు బట్టల షాపులో బిల్లులు కొట్టింది. చదువుకు తగని పనిలో ఉన్నవాళ్లకు ఆ పట్టికలో వేరే గడి ఉంది, అప్పుడు కనీసం అందులోనైనా ఉండేది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు వచ్చాక అదీ పోయింది. తనతో చదివిన ఆడపిల్లలు ఎంతమంది ఇలా వంటగదుల్లో నిలబడి, ఆ అంకెను అంత ముచ్చటగా చిన్నదిగా ఉంచుతున్నారో!

"లేనమ్మా," అంది. "పని వెతుక్కునేవాళ్లనే లెక్కపెడతారు. నేను వెతకడం లేదు."

"ఇంట్లో హాయిగా ఉన్న మనిషి నిరుద్యోగి ఎందుకవుతుంది?" అన్నాడు భర్త. "విన్నావుగా, భయం లేని చదువు!"

పిల్ల తల ఊపింది. నమ్మేసింది. ఆ తల ఊపడం చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మడతపెట్టని బట్టలన్నీ తెచ్చి అతని ఒళ్లో పోసి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"పని వెతుక్కోడానికి," అంది. పిల్లవైపు తిరిగింది. "నీకిష్టమైతే అదే చదువుకో తల్లీ. కానీ మామయ్య చదివిన అంకె తప్పు. ఇవాళ్టి నుంచి నేను నిరుద్యోగిని."